బస్సు దిగి నడిచినవాళ్ళు

మంగళవారం, పడుకోబోయే ముందు

భద్రాచలం బస్సు ఖమ్మంలోకి రాగానే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. ముందు లారీలు, పక్కన ఆటోలు, చెవులు పగిలే హారన్లు. నా పక్క సీట్లో చర్ల అవతలి గూడెం నుంచి దవాఖానాకు వస్తున్న ముసలమ్మ ఆయాసంతో రొప్పుతోంది. ఆమె కొడుకు కాసేపు చూసి, తల్లిని వీపు మీదికి ఎత్తుకున్నాడు.

"దవాఖానా ఇంకా దూరమున్నది తమ్మీ, కూసో," అన్నాను.

"మా ఊరికి రోడ్డు లేదక్కా, గిట్లనే మోసుకొస్తం. ఈడ రోడ్డుండి కూడా మోసుడే," అని దిగిపోయాడు.

బస్సు కదిలాక దవాఖానా దాకా కిటికీలోంచి వెతుకుతూనే ఉన్నాను. ఎక్కడా కనిపించలేదు. ముందే చేరుకుని ఉంటారు. చేరుకునే ఉంటారు...

వచ్చే నెల మా అమ్మాయి కాన్పు. పాల్వంచ నుంచి ఇదే దారిన తీసుకురావాలి. మాకు మోయడం కూడా రాదు.