తాతయ్య చెప్పిన సాక్ష్యం

అమ్మా పెర్సిస్,

నీ ఒంట్లో ఎలా ఉంది? బాబుకి జ్వరం తగ్గిందా? మీ ఆయన నడుంనొప్పి ఎలా ఉంది? ఇక్కడ మీ తాతయ్య అన్నం సరిగా తినడం లేదు.

తాతయ్య కాపలా కాసే చేపల చెరువులో మేతగా కుళ్ళిన కోళ్ళ వేస్టు వేస్తున్నారని నువ్వు పేరు పెట్టకుండా బ్లాగులో రాసింది వెయ్యిమంది చదివారని చెప్పావు కదా. ఆ సంతోషం పట్టలేక ఆయన చర్చిలో దేవుడు చేసిన మేలు చెప్పే సాక్ష్యానికి లేచి, "అది రాసింది మా మనవరాలేనండీ, దేవునికి స్తోత్రం" అన్నారు. చెరువు యజమాని బావమరిది వెనక బల్లమీదే ఉన్నాడు.

మర్నాడే తాతయ్యని చెరువు కాపలా మాన్పించేశారు. "అమ్మాయి పండక్కి వస్తుంది కదండీ, ఓసారి మాట్లాడదాం" అని యజమాని మనుషులు ఇంటికొచ్చి మెత్తగా చెప్పి వెళ్ళారు. ఆ మెత్తదనానికే నాకు భయం. ఫోనులో చెబితే వెంటనే బయల్దేరి వచ్చేస్తావని రాస్తున్నాను. క్రిస్మస్‌కి నువ్వు కలిదిండి రావద్దు. మేమే ఇరవై నాలుగున పొద్దున్న బస్సుకి ఏలూరు మీ ఇంటికి వస్తాం.

మీ అమ్మమ్మ