నా దగ్గర తప్ప నడవని ప్రోగ్రాం

పుణె,
ఆదివారం

అన్నయ్యకు,

శ్రీను నమస్కారాలు. నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడొద్దని చెప్పు. ఇక్కడ వాన వదలడం లేదు, బట్టలు ఆరడం లేదు. చపాతీలు తిని తిని నాలుక చచ్చిపోయింది. రేపల్లె నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపించు.

బాగానే ఉన్నానని రాశాను గానీ, బాగాలేను అన్నయ్యా. ఫోన్‌లో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

వచ్చినప్పటి నుంచీ ఒక ప్రోగ్రాం రాస్తున్నాను. మందుల గోదాముల్లో చల్లదనం ఎంతుందో గీతలు గీసి చూపిస్తుంది. ఆ గీతలు గీసే పని నాది కాదు. ఎవరో ముందే రాసి అందరికీ ఇచ్చిన ప్రోగ్రాం ముక్క ఒకటి వాడుకున్నాను, దాన్ని లైబ్రరీ అంటారు. నా కంప్యూటర్‌లో చక్కగా నడిచింది. ఎవరి కంప్యూటర్‌లోనైనా నడిచేలా చేస్తేనే ఉద్యోగం ఖాయమన్నారు మా ఆఫీసు సార్. పక్కబల్ల మీది కంప్యూటర్‌లో పెడితే, లైబ్రరీ కనబడలేదంటూ ఆగిపోయింది.

తప్పు నాదే. మన రేవులో ఎవరి పడవ ఎక్కినా కత్తి ఎక్కడుందో, తాడు ఎక్కడుందో చూడక్కర్లేదు, చెయ్యి దానంతటదే వెళ్తుంది. అన్ని పడవల్లోనూ ఒకే చోట పెడతాం కదా. ఆ అలవాటే నన్ను ముంచింది. నా దగ్గర లైబ్రరీ ఉన్న చోటే అందరి దగ్గరా ఉంటుందనుకుని ఆ చోటే ప్రోగ్రాంలో రాసేశాను. ఇక్కడ ఎవరి సర్దుడు వాళ్లది. ఎక్కడున్నా వెతుక్కునేలా మార్చాను. ఒకరి దగ్గర పాత లైబ్రరీ దొరికింది, గీతలు రాలేదు. చివరికి లైబ్రరీని కూడా ప్రోగ్రాంతో కలిపి మూటగట్టి ఇచ్చాను. సార్ కంప్యూటర్ వేరే రకం, అందులో అసలు తెరుచుకోలేదు.

శుక్రవారం అందరి ముందూ పెట్టి చూశారు. సార్‌ది మన పొన్నూరే. తిట్టినా బాగుండేది.

"ఏంటయ్యా, నీ దగ్గర తప్ప ఇంకెక్కడా నడవట్లేదే ఇది" అని మెల్లగా అన్నారు. పని ఇంకొకరికి అప్పగించమన్నారు. నెలాఖరుకి నన్ను పంపించేస్తారు.

పడవెక్కిన ప్రతిసారీ వాంతులు చేసుకుంటుంటే నా వీపు రాస్తూ ఏమన్నావో గుర్తుందా? "నీకు సముద్రం పడదురా శ్రీనూ. ఒడ్డున ఉండి చదువుకో" అన్నావు. చదువుకున్నాను. ఇప్పుడు ఇదీ పడలేదు. ఆ ప్రోగ్రాం ఒక్కచోటైనా నడుస్తోంది అన్నయ్యా. నాకు ఆ ఒక్కచోటు ఏదో తెలియడం లేదు, ఏడుపొస్తోంది.

అమ్మకు ఇవేవీ చెప్పకు. వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన నా మీద ఉండాలి. రమ్మంటే వచ్చేస్తాను. వచ్చి ఏం చేస్తావురా అని మాత్రం అడగొద్దు.

నీ తమ్ముడు,
శ్రీను