మోటారు వంతు

ములెంగా అన్నకు,

మీ ఉత్తరం చేరింది. ఆఫ్రికాలో మీ దేశపు పెద్ద కోర్టులో ఇన్నేళ్లు జడ్జిగా చేసిన మిమ్మల్ని, ప్రభుత్వానికి నచ్చని తీర్పులిచ్చారని ఇంటికి పంపేశారట. ఆ తీర్పులన్నీ కొట్టేస్తున్నారట. "నా తీర్పు ఒక్కటైనా యాడన్నా నిలిచిందా?" అని అడిగారు.

మా పల్లెలో నిలిచింది. అనంతపురం హాస్టల్లో నాతో ఉండి లా చదివే రోజుల్లో మీరు సెలవులకు మా ఇంటికొచ్చారు. అప్పుడే నాయన, చిన్నాయన బోరు కోసం తలలు పగలగొట్టుకున్నారు. ఊళ్లో ఎవరికీ చుట్టం కారని మిమ్మల్నే పంచాయితీకి కూర్చోబెట్టారు. "ఒకరోజు అన్నది, ఒకరోజు తమ్మునిది. పొద్దు గూకినాక మోటారు షెడ్డు తాళంచెవి చేతులు మారల్ల" అని మీరు తేల్చారు.

నాయన పోయి ఆయన వంతు నాకొచ్చినా ఆ మాట ఎవరూ దాటలేదు. బోరే ఎండిపోయింది. కొత్తగా వేసిన చోటల్లా దుమ్మే లేచింది. అయినా చిన్నాయన తన వంతు రోజున మోటారు షెడ్డు తెరిచి, సాయంత్రం దాకా కూర్చుని వస్తాడు.

"ఎందుకు చిన్నాయనా, నీళ్లే లేవు కదా?" అంటే, "జడ్జి చెప్పినాడు కదప్పా, ఈ పొద్దు నా వంతు ఉండాది" అంటాడు.

ఇక్కడికొచ్చి ఉంటానని రాశారు. అన్నా, రావద్దు. తాగే నీళ్లకూ ట్యాంకరు కోసమే చూస్తున్నాం.

చిన్నాయన ఇప్పుడే తాళంచెవి ఇచ్చి వెళ్లాడు. రేపు వంతు నాది. పోయి కూర్చుంటాను.

మీ తమ్ముడు