థాక్స్‌బీ అని పిలిస్తే ఇద్దరం లేచాం

నాన్నా,

నువ్వు పోయి ఈరోజుకి రెండేళ్లు. పొద్దున పాపకు దగ్గుగా ఉంటే ఇక్కడ ఐర్లండ్‌లో, మా కాజిల్‌బార్ ఊళ్లోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పాపకు కూడా మన ఇంటిపేరే రాయించాను కదా, రిసెప్షన్ అమ్మాయి "థాక్స్‌బీ" అని పిలవగానే లేచాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన కూడా లేచాడు.

"ఈ మేయో జిల్లా మొత్తంలో ఈ పేరున్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నానమ్మా. మీకెలా వచ్చింది?" అన్నాడు.

తల్లిదండ్రులు లేని తాతయ్యను గుంటూరులో మిషన్ డాక్టరమ్మ పెంచి తన ఇంటిపేరు ఇచ్చిందని చెప్పాను. అది ఎక్కడి పేరో తెలుసుకోవాలని నువ్వు చివరిదాకా ఆరాటపడ్డావని కూడా చెప్పాను.

అదొక ఊరి పేరట నాన్నా. ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఉండేదట. సముద్రం ఊరిని కోసేస్తే జనం తలో దిక్కుకీ పోయారట. ఆయన ముత్తాత రైలు పట్టాల పనికని ఇటు వచ్చాడట. ఆ పేరున్న ఇళ్లు ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టొచ్చట.

"ఇద్దరిలో ముందు ఎవరు?" అని అడిగింది రిసెప్షన్ అమ్మాయి.

"పాపను పంపించు. మా ఇంటి పిల్లే," అన్నాడాయన.

ఆదివారం టీకి రమ్మన్నాడు. నీ ఫోటో తీసుకెళ్తున్నాను.

నీ రూతు