నాన్న పుట్టిన దేశానికి

అన్నయ్యా,

నాన్న కంటి చుక్కల మందు ఫ్రిజ్ తలుపులో ఉంది. పడుకునే ముందు నువ్వే వెయ్యి, ఆయన చేతికిస్తే సగం చెంప మీదే పోసుకుంటారు. కుట్టుమిషన్ మీదున్న నీలం గౌను పక్కింటి టీచరుగారిది, అడిగితే ఇచ్చెయ్యి.

నువ్వు డ్యూటీ దిగేసరికి నేను విమానం ఎక్కేసి ఉంటాను. అవును, ఒక్కదాన్నే. నాన్న పుట్టిన దేశానికే. మళ్లీ గొడవెందుకని టికెట్ కొన్న సంగతి నీకు చెప్పలేదు. "పసివాడైన నాన్నని ఒంటరిగా ఓడెక్కించి చేతులు దులుపుకున్నవాళ్లు మనకేమవుతారు? మానిన పుండు కెలక్కు" అని నిన్న కూడా అరిచావు. ఆ పుండు మానిందని నీకెవరు చెప్పారు?

నాకు భయం లేదనుకోకు. నాన్న పుట్టిన ఆ రేవు వీధిలో మనవాళ్లు ఒక్కరైనా మిగిలారో లేదో కూడా తెలీదు. దిగగానే ఫోన్ చేస్తాను. కోపమొస్తే నన్ను తిట్టు, నాన్న మీద చూపించకు. ఏదో పనిమీద వెళ్లానని చెప్పు చాలు.

చెల్లి

ఆగు, ఆయనకి అబద్ధం చెప్పక్కర్లేదు. చెప్పులు వేసుకుంటుంటే గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. "అక్కడికేనా?" అన్నారు. తలూపాను. ఇన్నేళ్లూ ఆ ఊరి ఊసెత్తనివ్వని మనిషి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మా అక్క బతికుంటే, తన చిన్నోడికి కోపం లేదని చెప్పమ్మా" అన్నారు.

అన్నయ్యా, మనకో మేనత్త ఉందట.