మునసబుకి ఇల్లు

తాటిపాక,
5-7-99

మీరిచ్చిన కొలతలు తప్పు, మావయ్యా. మెల్లగా, మర్యాదగా చెప్పే ఓపిక నాకు లేదు. సుత్తి దెబ్బలకి నా ఎడమచేతి బొటనవేలు వంకాయలా ఉంది. రాసేది కుడిచేత్తో కాబట్టి ఈ ఉత్తరం పూర్తవుతుంది.

సంగతి మొదటినుంచీ చెబుతాను. లేకపోతే మీరు మర్చిపోయినట్టు నటిస్తారు. అత్త సిల్కుచీర కొంగు నమిలేసిందని మీ మునసబుని, అంటే ఆ కుక్కని, వేసవిలో పదిమంది చూస్తుండగా నా చేతికిచ్చారు. "ఒక్కడివీ ఉంటున్నావు, తోడుగా ఉంటుంది" అన్నారు. పగలంతా మోటార్ల షాపులో రాగితీగ చుట్టి గదికొస్తే ఆ తోడు నా చెప్పు తింటూ కనిపిస్తోంది. అది పడుకునేది మా ఇంటి ఓనరు వెంకటరమణమ్మ గారి అరుగు మీద. శ్రావణమాసం పేరంటాలు ఆవిడ పెట్టుకునేదీ ఆ అరుగు మీదే. "శ్రావణం వచ్చేలోపు దానికి వేరే ఇల్లు కట్టు బాబూ. లేదంటే ఎక్కణ్ణుంచి తెచ్చేవో అక్కడికే పంపెయ్" అని ఆవిడ తేల్చేశారు.

వడ్రంగిని పెడదామంటే మీరే వద్దన్నారు. "నాలుగు గోడలూ ఓ కప్పూ, దానికి వడ్రంగెందుకు? ఆరు జానల పొడవు, అయిదు జానల ఎత్తు, కప్పు మేకులు లోపల్నుంచి కొట్టు" అన్నారు. పంపుసెట్లు వచ్చే చెక్కపెట్టెలు విప్పి, నిన్న ఆదివారమంతా కూర్చుని, చెప్పింది చెప్పినట్టే చేశాను. లోపల్నుంచే కొట్టాను. అంతా అయ్యాక చూసుకుంటే నేను లోపల ఉన్నాను. గుమ్మం కుక్క పట్టేంత. ముందు గోడ తన్ని ఊడగొడితే గానీ బయటికి రాలేకపోయాను.

సాయంత్రానికి ఆ ఖాళీలోంచి వెంకటరమణమ్మ గారి దూడ లోపలికెళ్ళి పడుకుంది. ఆవిడ మురిసిపోయారు. "ఎవరూ అడక్కుండానే దూడకి పాక వేసేవు. నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా" అన్నారు. ఆ వెంటనే, "మరి కుక్కకి ఎప్పుడు కడతావు?" అన్నారు.

కుక్కకి దూడంత ఇల్లెందుకో మీరే చెప్పాలి. సరైన కొలతలు పంపండి. వచ్చే సోమవారంలోగా జవాబు రావాలి.

శ్రీనివాస్

తా.క. దూడ బయటికి రానంటోంది. లాగబోతే నన్నే కుక్కని చూసినట్టు చూస్తోంది.


కొత్తపేట,
11-7-99

చిరంజీవి దుర్గాశ్రీనివాస్‌ని ఆశీర్వదించి మావయ్య సూర్యారావు రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీ ఉత్తరంలో క్షేమం అన్న మాట కోసం వెతికాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వెతికాను. పొరుగూళ్ళో పని దొరికితే 'మావయ్య గారికి నమస్కారములు' అన్న మాట అంత బరువైపోతుందా?

అబ్బాయీ, తప్పు కొలతలది కాదు. జాన పెట్టింది ఎవరి చేత్తో? నీ చేత్తోనే కదూ. మీ నాన్న వైపువాళ్ళవి పొడుగు వేళ్ళు. మీరు నాలుగు జానలు పెడితే వీధి గుమ్మం నుంచి పెరట్లోకి పోతుంది. నేను చెప్పింది నా జాన. కొబ్బరికాయ ఒలుస్తూ చిటికెనవేలు సగం గునపానికి అప్పగించాక నా జాన కురచైపోయిందని కొత్తపేటంతా తెలుసు. తాడు నా జానతో కొలుచుకుంటానంటే కొట్టువాడు కుర్చీ వేసి కూర్చోబెడతాడు.

ఇంటి పెద్ద చేతి కొలతతో కట్టిన ఇల్లే కలిసొస్తుందని మా నాన్నగారు అనేవారు. మునసబుకి పెద్దని నేను. అందుకని సరిగ్గా నా జానకి విరిచిన కొబ్బరి ఈనెపుల్ల ఈ కవర్లో పెడుతున్నాను. దాంతో కొలువు. ఈసారి దూడ పట్టకుండా లెక్క కూడా తగ్గించాను. నాలుగు పుల్లల పొడవు, మూడు పుల్లల ఎత్తు చాలు. ఇంకో మాట. అడుగు చెక్కకి మేకులు కొట్టకు. గోడలు దాని మీద ఊరికే నిలబెట్టు. ఇల్లు పక్కకి ఎత్తి కడుక్కోవడానికి వీలుగా ఉంటుంది.

నీ వల్ల కాకపోతే కాదని ఒక్క ముక్క రాయి. అంతేగానీ నా అంతట నేను మునసబుని వెనక్కి అడుగుతానని మాత్రం అనుకోకు. పదిమందిలో ఇచ్చింది తిరిగి అడగడం మన ఇంటావంటా లేదు.

ఆశీస్సులతో,
సూర్యారావు

తా.క. మునసబు రాత్రి మజ్జిగన్నం తింటున్నాడా? పైన కాస్త రొయ్యపొట్టు చల్లకపోతే మూతి తిప్పుకుంటాడు. నాకేం పట్టలేదు, మీ అత్త అడగమంది.

మరో తా.క. తను అడగలేదని కూడా రాయమంటోంది.


తాటిపాక,
22-7-99

పూజ్యులైన మావయ్య గారికి నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇదిగో, రాశాను. ఇక అసలు సంగతి. మీ ఈనెపుల్ల నా పరువు తీసింది.

పుల్ల పెట్టి కొలిచాను, పుల్ల పెట్టి కోశాను. గోడలు నిటారుగా నిలబడ్డాయి. కప్పు ఈసారి బయట్నుంచి కొట్టాను, ఆ బుద్ధి నాకే పుట్టింది. మీరు చెప్పారని అడుగు చెక్కకి ఒక్క మేకు కూడా కొట్టలేదు. వెంకటరమణమ్మ గారు గడపకి పసుపు రాసి బొట్టు పెట్టారు. లోపల రొయ్యపొట్టు జల్లి మునసబుని పంపాం. వెళ్ళింది. తిన్నది. ఎలా తిరిగిందో గానీ లోపలే ముడుచుకుని తిరిగి, తల గుమ్మంలోంచి బయటపెట్టింది. అప్పుడు లేచి నిలబడింది.

ఇల్లు కూడా లేచింది. అడుగు చెక్క ఉన్నచోటే ఉంది. మిగతా ఇల్లు నాలుగు కాళ్ళ మీద వీధిలోకి బయల్దేరింది.

టీ కొట్టు బల్ల పడిపోయింది. అరటిగెలల సైకిలు పడిపోయింది. సెంటర్లో ఎన్నికల జీపు ఒకటి ఊరేగుతుంటే ఇల్లు దాని వెనకాలే నడిచింది. మైకు పట్టుకున్నాయన మాట్లాడుతున్నది ఆపేసి, "ఇదెవరి గుర్తండీ?" అన్నాడు. "ఇండిపెండెంటు అయ్యుంటాడండి, ఆయ్" అన్నాడొక ముసలాయన. వెనకాల ఆయాసపడుతూ వస్తున్న నన్ను చూసి ఆయనే, "ఇదుగో, నిలబడింది ఈ కుర్రాడేనండి. మనిషి కష్టపడుతున్నాడు పాపం" అన్నాడు.

వెంకటరమణమ్మ గారు కోప్పడలేదు. "పన్నెండో తారీఖున శ్రావణం వస్తోంది బాబూ" అని లోపలికెళ్ళిపోయారు. కోప్పడితేనే బాగుండేది.

కుక్కని పంపడం నాకిష్టం లేదు. ఎందుకని అడక్కండి. షాపు కట్టేసి వచ్చేసరికి గేటు దగ్గర కూర్చుని ఉంటోంది, అంతే. మీ జాన నిజంగా అంతేనా, పుల్ల ఎక్కడైనా విరిగిందా, వెంటనే తెలపండి. వారంలోగా జవాబు కావాలి.

శ్రీనివాస్

తా.క. ఇల్లు కాలవగట్టు మీద దొరికింది. అందులో ఎవరిదో కోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. ఇప్పటిదాకా నేను కట్టిన ఇళ్ళలో కుక్క తప్ప అందరూ కాపురం ఉంటున్నారు.


కొత్తపేట,
28-7-99

చిరంజీవి శ్రీనివాస్‌ని మనసారా ఆశీర్వదించి మావయ్య రాయునది. మేం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. ఇల్లు వీధిలోకి బయల్దేరిన చోట మళ్ళీ చదవమంది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. నవ్వుకో బాధకో నేను అడగలేదు.

నాయనా, చెక్కపని అందరి చేతికీ రాదు. రాలేదని దిగులు పడకు. నీకు తీగ చుట్టడం వచ్చు, అది చాలు. నువ్వు ఇంతగా బతిమాలుతున్నావు కాబట్టి మునసబుని కొన్నాళ్ళు మా దగ్గర ఉంచుకోడానికి ఒప్పుకుంటున్నాను. ఇది వెనక్కి తీసుకోవడం కాదు, గుర్తుంచుకో. వాడు చుట్టపుచూపుగా వస్తున్నాడు. బస్సు కండక్టరు అమ్మిరాజు మనకి బాగా కావలసినవాడు. వచ్చే గురువారం మీ గదికి వచ్చి తీసుకొస్తాడు. కిటికీ పక్క సీటు ఉంచమన్నాను. పిన్నేరు వంతెన మీద గాలికి వాడికి హాయిగా ఉంటుంది.

ఆశీస్సులతో,
సూర్యారావు

తా.క. వాడి పళ్ళెం పంపు.

మరో తా.క. నీ రెండో చెప్పు కూడా పంపు. ఒకటి తినేశాడు కదా, మిగిలింది నీకెందుకు?


తాటిపాక,
6-8-99

కావాలనే చేశారు.

నేనెక్కడా బతిమాల్లేదు. అయినా నిన్న అమ్మిరాజు వచ్చాడు, చేతిలో తాడుతో, బిస్కెట్ల పొట్లంతో. నా మొహం చూసి జాలిపడ్డాడు.

"మీరేం బెంగెట్టుకోకండి. అక్కడ దానికి రాజభోగమండి. మీ మావయ్య గారు ఇల్లు కట్టేసేరు కదండీ. టేకు చెక్క, వెనకాల కిటికీ, ఆయ్."

"ఎప్పుడు కట్టారు?"

"నెల దాటిందండి. ఖాళీగా ఉంది. పొద్దున్నే దాని ముందు కుర్చీ వేసుక్కూర్చుంటారండి మీ మావయ్య గారు."

"జానలతో కొలిచారా?"

"జానలేంటండీ. టైలరు దగ్గర టేపు తెచ్చి మరీ కొలిచేరండి. అడుగు చెక్కకి ఇన్నిన్ని మేకులు కొట్టేరు. ఎందుకండీ అన్నేసి అంటే, లేకపోతే కుక్క నిలబడగానే ఇల్లు లేచిపోదూ, ఆ మాత్రం తెలీదా అన్నారండి."

"రంగు వేశారా?"

"నీలం రంగండి. మీ అత్తగారేసేరు. మునసబు అని పేరు కూడా ఆవిడే రాసేరండి."

అంటే ఈనెపుల్ల కవర్లో పెట్టేనాటికే మీ పెరట్లో ఇల్లు రెడీ. ఇచ్చింది తిరిగి అడగడం మన ఇంటావంటా లేదు కాబట్టి నేనే తెచ్చి అప్పగించేలా పుల్ల విరిచారు. చీర కొంగు పోయిందని గొడవ చేసిన అత్త పక్కన నిలబడి రంగు వేసింది.

తర్వాత ఏమయిందో అమ్మిరాజు మీకు సరిగ్గా చెప్పడు, నేను చెబుతాను. తాడు చూడగానే మునసబు తిన్నగా దూడ దగ్గరికి పరిగెత్తాడు. దాని పొట్ట పక్కకి దూరి కూర్చున్నాడు. దూడకి ఇంకా కొమ్ములు రాలేదు. అయినా ఉన్నట్టే తల వంచి అమ్మిరాజు మీదికొచ్చింది. వెంకటరమణమ్మ గారు అరుగు మీంచి అంతా చూశారు. "ఉండనియ్యి బాబూ. రెండూ ఆ పాకలోనే పడుకుంటాయిలే. అరుగెక్కకపోతే చాలు" అన్నారు. అమ్మిరాజు బిస్కెట్లు తనే తినేసి వెళ్ళిపోయాడు.

కాబట్టి వాడు రాడు. మీ తప్పు కొలతలతో నేను కట్టిన మొదటి ఇల్లే వాడికి సరిపోయింది. కాకపోతే దానికి ముందు గోడ లేదు, జల్లు కొడుతోంది. దూడ పెరుగుతోంది, వాడు మూలకి పోతున్నాడు. అందుచేత ఆ నీలం ఇల్లు బస్సు టాపు మీద కట్టించి పంపండి. దాంతోపాటు మీరూ అత్తా రండి. చుట్టపుచూపు మీది. నాలుగు రోజులుండి వాణ్ణి కళ్ళారా చూసుకుని వెళ్ళండి. రాత్రి మజ్జిగన్నం మీరే కలపండి, నేను కలిపితే మూతి తిప్పుకుంటున్నాడు.

శ్రీనివాస్

తా.క. అత్తని పాత సిల్కుచీర ఒకటి తెచ్చుకోమనండి. కొత్తది తెస్తే పూచీ నాది కాదు.

మరో తా.క. ఇది పోస్టులో వెయ్యడం లేదు, ఇవాళ్టి బస్సులో అమ్మిరాజుకే ఇస్తున్నాను. అందలేదనడానికి వీల్లేదు. మంగళవారం అంటే వారం మంచిది కాదంటారు. బుధవారం అమావాస్య, ఇల్లు కదపకూడదంటారు. కాబట్టి సోమవారం. సాయంత్రం బస్సులోగా ఇల్లయినా రావాలి, జవాబైనా రావాలి.