అత్త దగ్గరున్న పాస్‌వర్డ్

అత్తా,

ఎదురుగా ఉంటే మన ఆచారం ప్రకారం నీ ముందు మోకాళ్ల మీద కూర్చుని అడిగేదాన్ని. ఈ ఉత్తరమూ అలాగే కూర్చుని రాస్తున్నాను. ఆఫీసంతా చూస్తోంది.

ఏ జిల్లాలో ఏ టీకా ఉందో చటుక్కున వెతికిపెట్టే ఇండెక్సులు, కంప్యూటర్లో వివరాలన్నీ దాచే మా డేటా వేర్‌హౌస్‌లో ఉంటాయని చెప్పాను కదా. రోజూ పొద్దున్నే కొత్త వివరాలు ఎక్కించే ప్రోగ్రాం ముందు వాటిని తీసేసి, పనయ్యాక తన జాబితా చూసి మళ్లీ కడుతుంది. నేను చేత్తో కట్టినవి ఆ జాబితాలో లేవు. తీసేసింది, కట్టలేదు. అదీ రెండుసార్లు. అందుకే వాటిని తీయడానికి వీల్లేకుండా తాళం వేసి, మన ఇంట్లో మాట మీద నిలబడేది నువ్వే కాబట్టి పాస్‌వర్డ్ నా దగ్గర ఉంచుకోకుండా నీకిచ్చి, "నేను ఏడ్చినా ఇవ్వకు" అన్నాను.

నావాటికే వెయ్యాల్సిన తాళం అన్నిటికీ వేశాను. ఇప్పుడా ప్రోగ్రాం దేన్నీ తీయలేక సోమవారం నుంచి ఆగిపోయింది. టీకాల బండ్లు ఎటు పోవాలో తెలియక కంపాలా ఎండలో పడి ఉన్నాయి.

ఫోన్ చేస్తే, "ఏడుస్తావని నువ్వే చెప్పావు కదే, ఏడువు" అని పెట్టేశావు. మా పెద్దసారు సెకిట్టోగారు చేస్తే, "మీది ఏ వంశం?" అన్నావు. మనలాగే మిడత వంశమనగానే, "అయితే నాకు తమ్ముడివి. తమ్ముడివై ఉండి అక్కని మాట తప్పమంటావా?" అని ఆయన్నీ దులిపేశావు.

సరే, ఇవ్వకు. ఈ ఉత్తరం తెచ్చిన కారెక్కి నువ్వే రా. పాస్‌వర్డ్ నువ్వే కొట్టు. మేమంతా గోడవైపు తిరిగి నిలబడతాం, సెకిట్టోగారితో సహా.

కళ్లజోడు మాత్రం మర్చిపోకు. మూడుసార్లు తప్పు కొడితే ఆ తాళం ఇక ఎవరికీ తెరుచుకోదు. ఆ ఏర్పాటు కూడా నాదే.

నీ మేనకోడలు